నా దడకి సాక్ష్యం

పెద్దాపురంలో మా అమ్మమ్మగారింటి పెరట్లో, నూతిగట్టు పక్కన ఓ ఇత్తడి గంగాళం ఉండేది. మా పెద్దమ్మ వంట మధ్యలో ఉన్నట్టుండి గరిటె కింద పెట్టేసి, గుండెల మీద చెయ్యి వేసుకుని అక్కడికి నడిచేది. అప్పుడే తోడిన నీళ్ళు గంగాళంలో పోసుకుని, ఊపిరి బిగబట్టి, ముఖం అందులో ముంచేది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి తలెత్తేసరికి ముఖం తేటపడేది. "పోయిందే" అనేది పక్కన నిలబడ్డ నాతో. ఏం పోయిందో నాకప్పుడు తెలీదు. ఆరేడేళ్ళదాన్ని, నాకు అదో ఆట.

ఇంట్లో ఆ జబ్బుకి రకరకాల పేర్లుండేవి. పెదనాన్నకి అది 'వేషాలు'. అమ్మమ్మకి 'గాలి'. పిల్లల్లేరు కాబట్టి 'మనోవ్యాధి' అని ఇరుగమ్మ, పొరుగమ్మ. నాడి చూసే ఆచారిగారు, ఆడవాళ్ళకి ఎడమచెయ్యే చూడాలి కదా, ఎడమచెయ్యి పట్టుకుని 'వాతం' అన్నారట. పాపం ఆయన వచ్చే వేళకి నాడి మామూలుగానే ఆడుతూ ఉండేది. తాయెత్తులు కట్టారు. ఆషాఢంలో మరిడమ్మ తల్లి తీర్థానికి మొక్కులు మొక్కారు. పెద్దమ్మ మాత్రం ఎవరడిగినా ఒకటే చెప్పేది: "లోపల గుర్రం పరిగెడుతుందర్రా. టక్కున మొదలవుద్ది, టక్కున ఆగుద్ది. ముట్టుకి ముందు ఎక్కువ."

ఆ మూడు ముక్కల్లో రోగనిర్ధారణకి కావలసినంతా ఉందని నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. అప్పటికి ఆమె పోయి పదహారేళ్ళు.

1981లో నాకూ మొదలయింది. ఇరవై ఎనిమిదేళ్ళు, కాలేజీలో చరిత్ర చెబుతున్నాను, పెళ్ళి చేసుకోలేదు. నల్లబల్ల మీద ఏదో యుద్ధం తేదీ రాస్తున్నాను. చేతిలో సుద్దముక్క ఉండగానే గుండె గొంతులోకొచ్చి కొట్టుకోవడం మొదలెట్టింది. లెక్కపెట్టలేనంత వేగం. కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ తెరిచి, చూస్తున్నట్టు నటించాను. ఇరవై నిమిషాలకి, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది.

నాన్న కాకినాడలో పేరున్న ఒక డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళాడు. ఇ.సి.జి. తీస్తే శుభ్రంగా ఉంది. ఉండక ఏం చేస్తుంది? దొంగ వెళ్ళిపోయాక ఇల్లు వెతికినట్టే కదా. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడాయన. "పెద్దాపురం" అన్నాను. ఒక చిన్న నవ్వు నవ్వాడు.

పెద్దాపురం ఆడవాళ్ళకి ఆ నవ్వు కొత్త కాదు. బస్సులో, హాస్టల్లో, ఇంటర్వ్యూ గదిలో, ఎక్కడైనా సరే ఊరి పేరు చెప్పగానే మగవాళ్ళ పెదవుల చివర కదులుతుంది. సంగీతమూ సాహిత్యమూ అభినయమూ నేర్చిన కళావంతులు ఉన్న ఊరు మాది. జమీందార్లు పోషించారు, సంస్కర్తలు ఛీకొట్టారు, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. వాళ్ళ విద్యలు పోయాయి, ఊరి పేరు మాత్రం బూతుగా మిగిలింది. అదే ఊళ్ళో వత్సవాయి వారి రాణి బుచ్చి సీతయమ్మ పేరున కాలేజీ ఉందని, అందులో చదివే మాలాంటివాళ్ళం లెక్చరర్లమయ్యామని ఆ నవ్వులకి తెలీదు. ఇంతకీ డాక్టరుగారు నాతో కాదు, నాన్నతో అన్నాడు: "ఏం లేదండీ, నరాల బలహీనత. పెళ్ళి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది." నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రలు, వాటి తమ్ముళ్ళూ అక్కలూ, ఇరవై రెండేళ్ళు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.

నా వృత్తి చరిత్ర కనక, జబ్బు నయమయ్యాక దాని చరిత్ర వెతుక్కుంటూ కూర్చున్నాను. దొరికినవి దొరికినట్టు చెబుతాను.

గుండె లయ తప్పితే ఇచ్చే మందుల్లో అందరికంటే పెద్దది డిజిటాలిస్. దాన్ని 'కనిపెట్టినవాడు' విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు, 1785లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలో ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నాడు: ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ చాలాకాలంగా రహస్యంగా దాచుకున్న కుటుంబ మందు ఒకటుందని, నీరుపట్టిన వాళ్ళకి డాక్టర్లవల్ల కానప్పుడు ఆవిడవల్ల నయమయ్యేదని, ఇరవైకి పైగా ఆకులున్న ఆ మందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని తను పోల్చుకున్నానని. ఆవిడ పేరు మాత్రం రాయలేదు. 1928లో అమెరికాలో పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీ తన ప్రకటనల కోసం ఆవిడకి 'మదర్ హట్టన్' అని పేరు పెట్టి బొమ్మ గీయించింది. ఆ తర్వాత అదే నిజమైన పేరని అందరూ రాసేశారు. నిజమైన మనిషికి పేరు లేదు, ఉన్న పేరుకి మనిషి లేదు! ఇది చదివిన రోజు మా పెద్దమ్మ గంగాళం గుర్తొచ్చింది. చల్లటి నీళ్ళలో ఊపిరి బిగబట్టి ముఖం ముంచితే వేగస్ నాడి మేలుకుని గుండె వేగానికి కళ్ళెం వేస్తుంది. ఈ చిట్కా ఇప్పుడు వైద్య పుస్తకాల్లో ఉంది. పెద్దమ్మకి అది ఎవరు చెప్పారో, తనే కనిపెట్టుకుందో.

పేస్‌మేకర్ కథలో మాత్రం ఆడమనిషికి పేరుంది. 1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే నలభై మూడేళ్ళ ఆయనకి గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు అందక, రోజుకి ఇరవై ముప్పైసార్లు స్పృహ తప్పేది. ఆయన భార్య ఎల్స్-మరీ. కరోలిన్‌స్కా ఆస్పత్రి సర్జన్ ఓకె సెనింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ ఇద్దరూ కలిసి జంతువుల మీద ఏదో పరికరం ప్రయత్నిస్తున్నారని ఆవిడకి తెలిసింది. మనుషులకి పెట్టేది ఇంకా తయారు కాలేదన్నారు. ఆవిడ వదల్లేదు. ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ తిరిగి తిరిగి వాళ్ళ చేత తయారు చేయించింది. షూ పాలిష్ డబ్బాలో రెజిన్ పోసి అచ్చుగా తీసిన ఆ పరికరాన్ని 1958 అక్టోబరు 8న లార్సన్ ఒంట్లో పెట్టారు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది, రెండోది పెట్టారు. మనిషి ఒంటి లోపల పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ అది. లార్సన్ తన జీవితంలో ఇరవైఆరు పేస్‌మేకర్లు మార్చుకుని, తనకి పరికరం చేసిన ఇంజనీరు కంటే, పెట్టిన సర్జన్ కంటే ఎక్కువకాలం బతికి, 2001లో ఎనభైఆరో ఏట పోయాడు.

అక్కడ భర్త కోసం భార్య డాక్టర్లని నమ్మించగలిగింది. అదే జబ్బు ఆవిడదే అయ్యుంటే ఎవరు ఎవర్ని నమ్మించేవారన్నది నా పిచ్చి ప్రశ్న. సమాధానం ఊహించడం చరిత్రకారుల పని కాదు గానీ, అడగడం మాత్రం మన పనే.

ఇంకో పరికరం డిఫిబ్రిలేటర్. గుండె లయ చెదిరి ఒట్టి వణుకుగా మారినప్పుడు లోపలి నుంచే షాక్ కొట్టి నిలబెట్టేది. దీన్ని పట్టుబట్టి సాధించినవాడు మిషెల్ మిరౌస్కీ. వార్సాలో పుట్టిన యూదు, పదిహేనేళ్ళప్పుడు నాజీల నుంచి పారిపోయాడు, కుటుంబంలో మిగిలింది తనొక్కడే. 1966లో తన గురువు గుండె లయ తప్పి చనిపోతే, ఇంత చిన్న పరికరం ఒంట్లో ఎందుకు పెట్టకూడదని మొదలెట్టాడు. పెద్దపెద్దవాళ్ళు వెక్కిరించారు. 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్కిన్స్‌లో మొదటిసారి పెట్టారు. పెట్టిన సర్జన్ లెవీ వాట్కిన్స్, నల్లజాతివాడు. పెట్టించుకున్నది యాభై ఏడేళ్ళ ఒక స్త్రీ.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. అసలు పనిచేస్తుందో లేదో తెలియని యంత్రం మొదట దూరింది ఆడదాని ఒంట్లోకి. తర్వాత, ఇది ఎవరి ప్రాణం నిలబెడుతుందో లెక్క తేల్చే పెద్ద పరిశోధనలు మొదలయ్యాక, ఆడవాళ్ళు కనపడరు. 2002లో వచ్చిన మాడిట్-2 అనే అధ్యయనంలో 1,232 మందిలో స్త్రీలు 16 శాతం. ఆ లెక్కల మీదే ప్రపంచమంతా ఎవరికి పరికరం పెట్టాలో నియమాలు రాసుకుంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని తొలిదశ మందుల పరీక్షల్లోకి తీసుకోవద్దని అమెరికా ప్రభుత్వం 1977లో చెప్పి, 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. గర్భంలో బిడ్డ మీద బెంగతో చేశామన్నారు. ఫలితం? అదే డిజిటాలిస్ సంగతి చూడండి. 1997లో వచ్చిన పెద్ద పరిశోధన, దానివల్ల ఆయుష్షు పెరగదు, తరగదు అని తేల్చింది. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో అవే లెక్కలు ఆడ, మగ విడదీసి చూస్తే, మందు వేసుకున్న ఆడవాళ్ళలో 33.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న ఆడవాళ్ళలో 28.9 శాతం చనిపోయారని బయటపడింది. కలిపి చూసినప్పుడు కనపడని చావులవి. ష్రాప్‌షైర్ ముసలావిడ మందు, రెండు వందల ఏళ్ళ తర్వాత!

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. గుండె రెండు పక్కలా తీగలు పెట్టి ఒకేసారి కొట్టుకునేలా చేసే పరికరం మీద 2009లో మాడిట్-సీఆర్‌టీ అధ్యయనం వచ్చింది. అందులో స్త్రీలు నాలుగో వంతే. కానీ మగవాళ్ళకంటే వాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. 2014లో ఇంకా లోతుగా చూస్తే, ఇ.సి.జి.లో ఒక రకం ఆలస్యం 130 నుంచి 149 మిల్లీసెకన్ల మధ్య ఉన్నప్పుడు పరికరం ఆడవాళ్ళకి ఉపయోగపడుతుందని, మగవాళ్ళకి ఉపయోగం కనపడలేదని తేలింది. నియమాలేమో 150 దాటినవాళ్ళకే గట్టిగా సిఫార్సు చేస్తూ వచ్చాయి. అంటే మగ గుండెకి కొలిచి కుట్టిన జాకెట్టు మనకి తొడిగి, పట్టలేదేమిటమ్మా అన్నట్టు.

ఇక నా సంగతికి, అబ్లేషన్‌కి వస్తాను.

గుండెకి తనదైన కరెంటు ఉంది. పై గదుల నుంచి కింది గదులకి అది దిగే వాకిలి ఒక చిన్న కణుపు. జపాన్ నుంచి జర్మనీ వెళ్ళి చదువుకున్న సునావో తవారా 1906లో దాని గురించి రాశాడు. కొందరికి ఆ కణుపు దగ్గర ఒకటికి రెండు దారులుంటాయి, ఒకటి వడి, ఒకటి నెమ్మది. మామూలుగా ఇబ్బంది ఉండదు. ఎప్పుడైనా ఒక పొల్లు దెబ్బ సరిగ్గా పడకూడని క్షణంలో పడితే, కరెంటు ఒక దారిన దిగి రెండో దారిన ఎక్కి, గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం మొదలెడుతుంది. నిమిషానికి 150, 200 సార్లు. ఆ చుట్టు తెగితే టక్కున ఆగుతుంది. పెద్దమ్మ చెప్పిన గుర్రం ఇదే కావచ్చు. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో సుమారు రెండింతలు.

పూర్వం దీనికి మందులే గతి. కరెంటు అడ్డదారులున్న కొన్ని జబ్బులకి 1968లో డ్యూక్‌లో ఛాతీ కోసి ఆ దారిని తెంచారు. 1981లో, నేను కాకినాడలో నిద్రమాత్రలు రాయించుకున్న ఏడాదే, శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్ ఛాతీ కొయ్యకుండా, రక్తనాళంలోంచి తీగ పంపి డీసీ షాక్‌తో కణుపునే కాల్చేశాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కణుపంతా పోయేది, జీవితాంతం పేస్‌మేకర్ మీద బతకాలి. తర్వాత రేడియో తరంగాల వేడి వచ్చింది. ఓక్లహోమాలో వారెన్ జాక్‌మన్ బృందం 1991లో అడ్డదారుల్ని, 1992లో నాలాంటివాళ్ళ నెమ్మదిదారిని, చుట్టుపక్కల చెడకుండా కొన్ని మిల్లీమీటర్ల మేర కాల్చి చూపించారు. 1998లో బోర్డోలో ఐసగేర్, కర్ణికలు చెదిరి కొట్టుకునే జబ్బుకి నిప్పురవ్వ ఊపిరితిత్తుల సిరల్లో ఉందని కనిపెట్టాడు. ఇప్పుడు వేడి లేకుండా విద్యుత్ స్పందనలతోనే కణాల్ని చంపే పద్ధతి కూడా వచ్చింది, అమెరికా దానికి 2023 చివర్లో అనుమతిచ్చింది.

2003లో అమ్మ కాకినాడలో ఆస్పత్రిలో ఉంటే సాయంగా ఉన్నాను. రాత్రి రెండింటికి నాకు దడ మొదలయింది. మంచం అంచున కూర్చుని ముక్కుతూ ఊపిరి బిగబడుతుంటే రాత్రి డ్యూటీ నర్సమ్మాయి చూసింది. పాతికేళ్ళుంటాయేమో. ఎవర్నీ అడగలేదు, నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, "మేడమ్, కదలకండి" అని ఇ.సి.జి. మిషను లాక్కొచ్చి నా ఛాతీకి తగిలించింది. కాగితం బయటికొచ్చింది. 188. సన్నగా, దగ్గరదగ్గరగా, తేడా లేకుండా గీతలు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా దడని నేను కళ్ళతో చూశాను. ఆ కాగితం ఇప్పటికీ నా డిగ్రీ పట్టాల ఫైల్లో ఉంది. ఎక్కువ గౌరవం దానికే.

మరుసటేడు హైదరాబాదులో అబ్లేషన్ చేశారు. తొడ దగ్గర సిరలోంచి తీగలు గుండెలోకి పంపారు. మత్తు పూర్తిగా ఇవ్వరు. డాక్టరు తీగతో గుండెని కావాలనే రెచ్చగొట్టాడు. గుర్రం లేచింది. నా తల దగ్గరికి వంగి ఆయన అడిగాడు: "అమ్మా, మీకు ఇంట్లో వచ్చేది ఇదేనా?"

ఇదేనా? ఆ మాట అడగడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? నేను ఏడ్చాను. నొప్పి అనుకుని కంగారుపడ్డాడు పాపం. "ఇదే" అన్నాను. తెర మీద గీతల్ని చూపించాడు. నా మాటకీ యంత్రం మాటకీ పొత్తు కుదిరింది. గంటన్నరలో పని అయిపోయింది. ఆ తర్వాత ఆయన ఎంత రెచ్చగొట్టినా గుర్రం లేవలేదు. ఇప్పటిదాకా లేవలేదు.

తర్వాత చదివినదాంట్లో నన్ను నిలవనీయనిది 1997 నాటి ఒక అమెరికా పరిశోధన. ఈ రకం దడ ఉందని చివరికి రుజువైన 107 మందిని తీసుకుని, వెనక్కి వెళ్ళి వాళ్ళ కథ కనుక్కున్నారు. 55 శాతానికి మొదటి పరీక్షల్లో జబ్బు దొరకలేదు. అలా దొరకనివాళ్ళలో సగం మందికి మూడేళ్ళు పైగా పట్టింది. ఆ మధ్యకాలంలో 'భయం, ఆందోళన, ఒత్తిడి' అని డాక్టర్లు తేల్చింది మగవాళ్ళలో 32 శాతానికి, ఆడవాళ్ళలో 65 శాతానికి. 1996లో లాన్సెట్ పత్రికలో, ఈ దడ నెలసరికి ముందు రోజుల్లో ఎక్కువగా వస్తుందని, హార్మోన్ల హెచ్చుతగ్గులతో దానికి లంకె ఉందని రాశారు. "ముట్టుకి ముందు ఎక్కువ" అన్నందుకు పెద్దమ్మని పిచ్చిదన్నారు. 2003లో జర్మనీ నుంచి వచ్చిన మరో అధ్యయనం, అబ్లేషన్‌కి ఆడవాళ్ళని మగవాళ్ళకంటే ఆలస్యంగా, ఎక్కువ మందులు మింగించాక పంపుతున్నారని, చేశాక ఫలితం మాత్రం ఇద్దరికీ సమానమేనని చెప్పింది. నేనూ ఆ గుంపులోదాన్నే అనుకున్నాను, ఎవరూ లెక్కలోకి తీసుకోకపోయినా.

"ధ్యానం చెయ్యమ్మా, యోగా చెయ్యమ్మా" అన్న డాక్టర్లు నాకు చాలామంది తగిలారు. అందుకే లక్కిరెడ్డి ధనుంజయ అనే మన తెలుగు డాక్టరు కాన్సాస్‌లో గుండె లయ తప్పినవాళ్ళ చేత యోగా చేయించాడని విన్నప్పుడు నాకు ముందు ఒళ్ళు మండింది. చదివాక చల్లబడ్డాను. 2013లో అచ్చయిన ఆ అధ్యయనంలో, కర్ణికలు చెదిరి కొట్టుకునే జబ్బున్న 49 మందిని మూడు నెలలు ముందు ఊరికే గమనించారు, తర్వాత మూడు నెలలు వారానికి కనీసం రెండుసార్లు యోగా చేయించి, దడలు తగ్గాయని కొలిచి చెప్పారు. జబ్బుని ఒప్పుకుని, కొలిచి, ఆపైన యోగా చెయ్యమనడం వేరు. జబ్బు లేదని చెప్పడానికి యోగా చెయ్యమనడం వేరు. హైదరాబాదులోనూ మంచి పని జరిగింది. డాక్టర్ సి. నరసింహన్ బృందం 2011లో, పైకి గట్టిగానే కనిపించే గుండెల్లో వచ్చే ప్రమాదకరమైన వేగం వెనక క్షయో, సార్కాయిడోసిస్సో కలిగించే గడ్డలు దాక్కుని ఉండొచ్చని చూపించింది. పరికరం పెట్టి పంపేస్తే సరిపోదు, వెనక ఏముందో వెతకమని.

ఆడవాళ్ళకి గుండెజబ్బులు తక్కువ కనకే పరిశోధనల్లో తక్కువగా ఉన్నారనే వాదన ఒకటి ఇప్పటికీ వినపడుతుంది. దానికి రెండు జవాబులు దొరికాయి నాకు. మన దేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్. పద్మావతి 1950లలో ఢిల్లీలో, ఊపిరితిత్తులు చెడి గుండె దెబ్బతిన్న రోగుల్ని చూస్తే, ఆడవాళ్ళు మగవాళ్ళకి దీటుగా ఉన్నారు. బీడీలు తాగేది మగవాళ్ళు కదా, వీళ్ళకెందుకు? వంటింటి పొగ అని ఆవిడ వేలెత్తి చూపింది. (2020లో, 103వ ఏట కోవిడ్‌తో పోయేదాకా ఆవిడ వృత్తి వదల్లేదని విన్నాను.) రెండోది, 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరంతో కవాటాలు చెడి, లయ తప్పిన గుండెల మీద, మన దేశంతో సహా 24 దేశాల్లో నాలుగున్నర వేల మందితో చేశారు. సగటు వయసు యాభై. స్త్రీలు 72 శాతం! పేదదేశాల ఇరుకు ఇళ్ళ జబ్బు దగ్గరికి వెళ్ళి వెతికితే మనం కుప్పలుగా దొరికాం.

పెద్దాపురం వెళ్ళినప్పుడల్లా పట్టుచీరలు నేసే వీధిలో ఒకావిడని చూసి వస్తాను. భర్త మగ్గం మీద, ఆవిడ కండెలు చుట్టడం, ఆసు పోయడం. ఆ పనికి వేరే కూలి లేదు, ఇంటిపనిలోనే జమ. ఆవిడ ఉన్నట్టుండి పడిపోయేది. ఫిట్స్ అని ఆరేళ్ళు మాత్రలు మింగింది. ఎవరో నాడి లెక్కపెడితే 34. లార్సన్ జబ్బే. ఎల్స్-మరీ లేకపోయినా ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి పేస్‌మేకర్ పెట్టారు. 2007లో ఆ పథకం వచ్చి ఉండకపోతే మగ్గం అమ్మినా చాలేది కాదు.

బాగున్నావా అంటే ఆవిడ నవ్వుతుంది. పడిపోవడం లేదు. కానీ భుజం కింద ఉబ్బు కనపడకుండా జాకెట్టు మెడ పైకి కుట్టించుకుంటుంది, లోపాడీ పట్టీ సరిగ్గా దానిమీదే ఒరుసుకుంటుంది. పెట్టినాయన మగవాళ్ళకి పెట్టినచోటే పెట్టాడు. తీగల్లేకుండా నేరుగా గుండె లోపలే కూర్చునే, రెండు గ్రాముల బరువున్న పేస్‌మేకర్లు వచ్చాయని చెబితే, "మనదాకా ఎప్పుడొస్తాయండీ?" అంది. బ్యాటరీ పదేళ్ళు వస్తుందన్నారట, ఎనిమిది అయ్యాయి. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "అమ్మకి గుండెలో మిషనుందంటే పిల్లకీ ఉందేమో అనుకుంటారండీ, పెళ్ళయ్యాక మార్పించుకుంటాను" అంది. వెంటనే ఒకసారి చూపించుకోమని గట్టిగా చెప్పి, పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. ఇంకా ఏడాదిన్నర ఉందన్నారు. ఆ లెక్కన పెళ్ళి ముహూర్తం వెతుకుతున్నారు.

పోయిన ఏడాది మా తమ్ముడి కూతురు బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నాకూ వచ్చింది" అంది. గొంతులో భయం కంటే ఉత్సాహం ఎక్కువగా ఉంది. మీటింగులో ఉండగా మొదలయిందట, చేతి వాచీ మీద వేలు పెట్టి ముప్పై సెకన్ల ఇ.సి.జి. తీసుకుందట. 192. డాక్టరు మొదట "ఆఫీసులో ఒత్తిడి ఎక్కువా?" అని అడిగితే, ఇది ఫోన్ తీసి ఆయన ముందు పెట్టిందట. ఇద్దరూ కలిసి అబ్లేషన్ తేదీ పెట్టుకున్నారు.

"ఇంకా మూడు వారాలుందత్తా. ఈలోగా వస్తే? పెద్ద మామ్మ నీళ్ళలో ముఖం పెట్టేది అన్నావు కదా. ఎంత చల్లగా ఉండాలి?"

"ఐసు వెయ్యి. ఊపిరి బిగబట్టు. నుదురూ ముక్కూ మునగాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి" అని చెప్పాను.

"ఏ గిన్నెలో?" అంది.

గంగాళం ఎవరింట్లో ఉందో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను. పెద్దమ్మ పోయాక ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశారట, తూకానికి.